భావకవిత అర్థం కాదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. భావకవిత్వం, అంటే కథ కన్నా కవి అనుభూతికి పెద్దపీట వేసే కవిత్వం, మొదలుపెట్టగానే "మేడమ్, తాత్పర్యం రాయించండి" అంటారు. ఆ టెన్షన్ వెనక ఉన్న అపోహల గురించే ఈ పోస్టు.

అపోహ: కథ, సంఘటన లేని కవితలో మనిషి జీవితం ఉండదు.

వాస్తవం: భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి పాదాలు చూడండి.

"నాకుగాదులు లేవు నాకుషస్సులు లేవు
నేను హేమంత కృష్ణానంత శార్వరిని"

ఎవరు పోయారో, ఎందుకు దుఃఖమో ఇందులో లేదు. అయినా ఒక మనిషి ఉన్నాడు. పండగ లేదనడు, 'నాకు' లేదంటాడు. అంటే ఊళ్లో పండగ జరుగుతూనే ఉంది. ముందు పోయింది ఏడాదికోసారి వచ్చే ఉగాది, తర్వాత పోయింది రోజూ వచ్చే ఉషస్సు. పండగపూట దిగులు ప్రతి పొద్దుటికీ పాకింది. రెండో పాదంలో "చీకట్లో ఉన్నాను" అనడు, నేనే రాత్రినంటాడు. పైకి చదవండి: మొదటి పాదం రెండు ముక్కలుగా విరుగుతుంది, రెండో పాదంలో ఊపిరి తీసుకునే చోటే దొరకదు. ఆ రాత్రి ఎంత పొడవో చెవికే తెలుస్తుంది. ఇంట్లో మరణం జరిగి ఆ ఏడాది పండగలు చేసుకోని పిల్లలు నా క్లాసులో ఉంటారు. వాళ్లకు ఈ పాదాలు నేను వివరించాల్సిన పని ఉండదు.

అపోహ: చెప్పీ చెప్పనట్టు రాయడం ఇంగ్లిష్ కవుల నుంచి వచ్చింది.

వాస్తవం: భావకవుల మీద ఇంగ్లిష్ రొమాంటిక్ కవుల ప్రభావం ఉంది, కాదనను. కానీ 9వ శతాబ్దంలోనే కాశ్మీర్‌లో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని, అంటే నేరుగా చెప్పకుండా స్ఫురించే అర్థం, అన్నాడు. మన అలంకార శాస్త్రంలో పాత ఉదాహరణ ఒకటుంది: "గంగలో గొల్లపల్లె". నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. మరి ఒడ్డున అనే అనొచ్చుగా? అలా అంటే గంగ చల్లదనం, పవిత్రత ఆ పల్లెకు అంటవు. తాత్పర్యం రాసుకుంటే చేతికి ఒడ్డు దొరుకుతుంది, గంగ జారిపోతుంది.

అపోహ: కవి జీవితం తెలిస్తేనే కవిత అర్థమవుతుంది.

వాస్తవం: తెలిస్తే మంచిదే. కృష్ణశాస్త్రి చిన్న వయసులోనే భార్యను పోగొట్టుకున్నారు. కానీ ఈ సంగతితో మొదలుపెడితే కవిత ఆయన సొంత గొడవగా మిగిలిపోతుంది, చదివేవాళ్లకు చోటుండదు. అందుకే క్లాసులో చివర్లో చెబుతాను.

అపోహ: ఎవరికి తోచిన అర్థం వాళ్లది, అన్నీ సరైనవే.

వాస్తవం: కాదు. ఆ పాదాల్లో వియోగం, ఒంటరితనం, ఓటమి ఏది చదివినా వింటాను. త్వరలో తెల్లవారుతుందన్న ఆశ ఉందంటే మాత్రం ఒప్పుకోను. 'అనంత' అన్న మాట అడ్డం వస్తుంది.

అపోహ: కఠిన పదాలకు అర్థాలు చూసుకుంటే చాలు.

వాస్తవం: నిఘంటువు కావాలి, కానీ రెండుసార్లు పైకి చదివాక. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏది లేదంటున్నారు, గొంతు ఎక్కడ మారింది? తోచిన జవాబులు పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. శార్వరి అంటే రాత్రి అని ఆ తర్వాత చూసుకున్నా ఆలస్యమేం కాదు.