1741.4 అంటే ఎక్కడ?

విశాఖ తీరానికి కొంత దూరంలో సర్వే ఓడ తిరుగుతోందనుకోండి. అడుగున ఎకో సౌండర్ లోతు కొలుస్తుంటే, పైన జీపీఎస్ రిసీవర్ సెకనుకో స్థానం వరుస చొప్పున ఫైల్లోకి పంపుతుంటుంది. రోజుకు 86,400 వరుసలు. అన్నీ కళ్లతో చూడలేం కాబట్టి ఓ చిన్న స్క్రిప్టు, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్, రాస్తాం. నన్నడిగితే, స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే భయం లేదు. ఒక్క ఎర్రర్ కూడా చూపించకుండా తప్పు మ్యాపు గీసి ఇచ్చినప్పుడే అసలు టెన్షన్.

ఆ వరుసలో అక్షాంశం 1741.4000 అని ఉంటుంది. కొత్తవాళ్లు దీన్ని వందతో భాగించి 17.414 డిగ్రీలు అనుకుంటారు. కానీ మొదటి రెండంకెలే డిగ్రీలు, మిగతావి నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కదా, 41.4ను 60తో భాగిస్తే 0.69. అసలు అక్షాంశం 17.69. అంటే మన ఓడ దక్షిణానికి సుమారు 30 కిలోమీటర్లు జరిగిపోయింది! ఓడ వరి పొలాల్లో తేలితే ఎవరైనా పట్టేస్తారు. ఇక్కడ ఆ తప్పు చోటు కూడా సముద్రమే, అనుమానమే రాదు. ఒక్క గుర్తు మాత్రం దొరుకుతుంది. తప్పు లెక్కలో 17.6 నుంచి 18 దాకా ఒక్క విలువా రాదు. 17.5999 దాటగానే 18.0000కి గెంతుతుంది. కొత్త ఫైలు చేతికొస్తే నేను ముందు వెతికేది ఈ గెంతునే.

టైమ్‌తో ఇంకో చిక్కు. స్థానం చెప్పే ఈ జీజీఏ రకం వరుసలో టైమ్ ఉంటుంది, తేదీ ఉండదు. పైగా అది యూటీసీ టైమ్, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి టైమ్. దాని అర్ధరాత్రి మనకు తెల్లవారి 5:30. టైమ్‌ని బట్టి సార్ట్ చేశామా, మర్నాటి పొద్దుటి వరుసలు ముందు రోజు రాత్రి వాటికంటే ముందుకొచ్చి కూర్చుంటాయి. తేదీని రిసీవరే పంపే మరో రకం వరుస, ఆర్ఎంసీలోంచి తెచ్చుకోవాలి.

ఇవన్నీ సరిచేసినా మన దగ్గరున్నది జీపీఎస్ యాంటెన్నా ఉన్న చోటే, సౌండర్ ఉన్న చోటు కాదు. రెండింటికీ మధ్య ఓడ పొడవునా 10 మీటర్ల దూరం ఉందనుకుందాం. సర్వే ఓడ అరక దున్నినట్టు ఒక సాలు అటు, పక్క సాలు ఇటు నడుస్తుంది. ఈ 10 మీటర్లు సవరించకపోతే అటు వెళ్లేటప్పుడు లోతులు ఒకవైపు, తిరిగొచ్చేటప్పుడు రెండోవైపు జరుగుతాయి. సాళ్లకు అడ్డంగా ఉన్న తిన్నని రాతి గట్టు మ్యాపులో 20 మీటర్ల రంపపు పళ్లలా కనిపిస్తుంది. సవరించడానికి ఓడ ముక్కు ఎటుందో తెలియాలి. జీపీఎస్ చెప్పే ప్రయాణ దిశ అందుకు చాలదు, జైరో దిక్సూచి కావాలి. ప్రవాహం పక్కనుంచి నెడుతుంటే ఓడ ముక్కు ఒకవైపు, నడక మరోవైపు.