విమానం దిగాక చెవి దిబ్బడేస్తే నూనె పొయ్యొద్దు: కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఈఎన్‌టీ డాక్టర్‌ని. సెలవులైపోయి జనాలు ఊళ్లకొచ్చినప్పుడల్లా ఒకటే మాట వింటుంటా, "సార్, నిన్న ఫ్లైట్ దిగినప్పట్నుంచి చెవి దిబ్బడేసింది, నూనె పోసినా వదల్లేదు" అని. ఆ నూనె మాట వినగానే నాకు బీపీ లేస్తుంది.

అపోహ: చెవుల్లో దూది పెట్టుకుంటే ప్రెజర్ తగలదు, దిగాక వెచ్చటి నూనె పోస్తే దిబ్బడ వదుల్తుంది.

వాస్తవం: రెండూ తప్పే, రెండోది ప్రమాదం కూడా. ఇబ్బంది కర్ణభేరికి అవతల, మధ్యచెవిలో ఉంటుంది. అక్కడికి గాలి వచ్చేది మనకి కనపడే చెవి రంధ్రంలోంచి కాదు, ముక్కు వెనకాల తెరుచుకునే యూస్టేషియన్ ట్యూబ్‌లోంచి. విమానం 35 వేల అడుగుల పైన ఎగుర్తున్నా లోపల ప్రెజర్ మాత్రం 8 వేల అడుగుల ఎత్తులో ఉండేదానికన్నా తగ్గనివ్వరు, అంటే ఊటీ కంటే కాస్త పైన కూర్చున్నట్టే. పైకి పోయేటప్పుడు మధ్యచెవిలో గాలి దానంతటదే బయటికి పోతుంది. కిందికి దిగేటప్పుడే తంటా, బయట ప్రెజర్ పెరుగుతా ఉంటుంది, మనం గుటకేస్తేనో ఆవలిస్తేనో తప్ప ట్యూబ్ తెరుచుకోదు, జలుబుంటే అది వాచిపోయి అసలే తెరుచుకోదు, కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవులు మూసుకుపోయి గుటకేస్తే టప్‌మని తెరుచుకునేది కూడా ఇదే. ఇందులో దూది ఏం చేస్తుంది చెప్పండి?

ఇక నూనె. కువైట్ నుంచి చెన్నైలో దిగి చిత్తూరు పక్క పల్లెకి వచ్చిన ఒకబ్బాయి, గట్టి జలుబుతో ఫ్లైట్ ఎక్కి దిగేదాకా నిద్రపోయాడు. ఆ ప్రెజర్‌కి కర్ణభేరికి చిన్న చిల్లు పడింది. దాన్ని తడవనివ్వకుండా వదిలేస్తే చాలాసార్లు కొన్ని వారాల్లో అదే పూడుకుంటుంది. కానీ వాళ్లమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది, రెండు పూటలా. నా దగ్గరికొచ్చేసరికి చెవిలో చీము. ఆమె బయట బెంచీ మీద ఒకటే ఏడుపు, "నేనే చెడగొట్టినా సార్" అని. అమ్మా, నీ తప్పు కాదు, నీకు మీ అమ్మ చెప్పింది అదే కదా. యూట్యూబ్‌లో అదే చిట్కా చెప్పేవాళ్లని మాత్రం నేను క్షమించను.

చేయాల్సింది ఇది. జలుబు గట్టిగా ఉంటే, వీలైతే ప్రయాణం వాయిదా వేసుకోండి. కుదరకపోతే దిగడానికి అరగంట ముందు ముక్కు దిబ్బడ వదిలించే చుక్కలు వేసుకోండి (బీపీ, గుండె జబ్బు ఉన్నోళ్లు, పిల్లల విషయంలో డాక్టర్‌ని అడిగి, అదీ రోజుల తరబడి కాదు). విమానం దిగడం మొదలుపెట్టగానే మేలుకుని ఉండి గుటకలు వేస్తా ఉండండి, ముక్కూ నోరూ మూసి మెల్లిగా గాలి ఊదండి, బలంగా కాదు. చంటిపిల్లలకి అప్పుడే పాలు పట్టండి. దిగాక రెండు మూడు రోజులకీ వదలకపోతే రండి, చీమో రక్తమో కారినా, తల తిరిగినా, వినపడకపోయినా అదే రోజు రండి.

వేడినీళ్ల టిష్యూ పెట్టిన కప్పులు చెవులకి ఆనించుకోవడం? పని చేయదు, చెవులు కాల్తాయి.

కింద లగేజీ పెట్టే చోట గాలుండదు, సీసాలు పేల్తాయి అంటారు. ప్యాసింజర్ విమానాల్లో అక్కడా క్యాబిన్ ప్రెజరే. మరి ఆవకాయ ఎందుకు కారుతుందంటే, సీసాలో ఊరగాయ పైన మిగిలిన గాలి ఆ ఎత్తులో ఇంకో మూడో వంతు దాకా ఉబ్బాలని చూస్తుంది, మూత వదులైతే నూనెని తోసేస్తుంది. చిప్స్ ప్యాకెట్ ఉబ్బేదీ అందుకే. పవర్ బ్యాంక్ చెకిన్ బ్యాగులో వద్దనేది ప్రెజర్ గురించి కాదు, నిప్పు భయం. ఇన్సులిన్ చేతి బ్యాగులో పెట్టుకోమనేది గడ్డకట్టిపోతుందేమోనని, బ్యాగు తప్పిపోతే కష్టమని.

ఒక్కటి మాత్రం నిజంగా భయపడాల్సింది. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ పెట్టుంటే కంటి డాక్టర్ సరే అనేదాకా విమానం ఎక్కకూడదు, ఆ గ్యాస్ ఉబ్బితే చూపే పోవచ్చు.