పొలం విడిచే వాయువుల లెక్క: ఒక ఉమ్మడి పట్టిక వెనుక కథ

అమెరికా వ్యవసాయ శాఖలోని పరిశోధన విభాగం (ఏఆర్‌ఎస్) 2002లో గ్రేస్‌నెట్ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. సాగు పద్ధతులను మార్చి నేలలో కర్బనాన్ని ఎంతవరకు నిలపవచ్చో, హరితగృహ వాయువులను ఎంతవరకు తగ్గించవచ్చో వేర్వేరు రాష్ట్రాల్లోని పరిశోధన కేంద్రాల్లో ఒకే తీరున కొలిచి చూడడం దాని ఉద్దేశం. ఈ 'ఒకే తీరున' అన్న మాట రాసుకున్నంత సులువుగా ఆచరణలోకి రాలేదు.

ప్రయోగ మడిలో నేల మీద మూత ఉన్న పెట్టెను బిగించి, లోపల చేరే గాలిని కొన్ని నిమిషాలకొకసారి సిరంజితో తీసి, ప్రయోగశాలలో విశ్లేషించడం ఈ కొలతకు వాడుకలో ఉన్న పద్ధతి. నూరేళ్ల వ్యవధిలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు వేడిని పెంచే నైట్రస్ ఆక్సైడ్ పొలం నుంచి రోజూ సమానంగా వెలువడదు. ఎరువు వేశాక పడిన వాన వెంటనో, గడ్డకట్టిన నేల కరిగినప్పుడో ఒక్కసారిగా పైకి వస్తుంది, ఏడాది మొత్తంలో పెద్ద భాగం ఆ కొద్ది రోజులదే కావచ్చు. అందువల్ల నమూనా ఏ రోజున తీశారు, నేలలో తేమ ఎంత, ఎరువు ఎప్పుడు ఏ లోతున వేశారు అన్న వివరాలు తోడు లేకపోతే, ఆ అంకె కొలిచినవారికి తప్ప మరొకరికి పనికిరాదు. కొలత విధానాన్ని ముందే ఉమ్మడిగా రాసుకున్నప్పటికీ, ఫలితాలు ఏ కేంద్రానికా కేంద్రం తనదైన పట్టికల్లో పోగుపడుతూ వచ్చాయి.

ఈలోగా ఇంధన విధానం మారింది. దేశంలో ఏటా ఇంధన తయారీకి పనికివచ్చే జీవపదార్థం (పంట, అటవీ వ్యర్థాల వంటివి) వంద కోట్ల టన్నులకు పైగా సమకూరగలదని 2005లో ఇంధన, వ్యవసాయ శాఖలు ఉమ్మడిగా అంచనా వేశాయి. 2007 నాటి ఇంధన చట్టం 2022కల్లా ఏటా 3,600 కోట్ల గ్యాలన్ల పునరుత్పాదక ఇంధనాన్ని లక్ష్యంగా పెట్టింది. మొక్కజొన్న చొప్పను ఇథనాల్‌కు తరలిస్తే నేల కోతను ఆపేదేమిటి, సేంద్రియ కర్బనం నిలవాలంటే పొలంలో ఎంత చొప్ప వదలాలి అన్న ప్రశ్నలతో 2006లో రీప్ అనే మరో కార్యక్రమం మొదలైంది. స్విచ్‌గ్రాస్ వంటి బహువార్షిక గడ్డిపంటల విషయంలోనూ ఇవే సందేహాలు. ఒక్క కేంద్రం ఫలితంతో వీటికి జవాబు దొరకదు, ఎందుకంటే నేల, వాన, దుక్కి మారితే వదలాల్సిన చొప్ప కూడా మారుతుంది.

రెండు కార్యక్రమాల సమాచారాన్నీ ఒకే చోట చేర్చే ఏర్పాటును పరిశోధకులు 2013లో వివరించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, ఏటా పది కోట్ల డాలర్లకు మించి పరిశోధనపై వెచ్చించే ప్రభుత్వ సంస్థలు ఫలితాలను ప్రజలకు అందుబాటులో ఉంచే ప్రణాళికలు సిద్ధం చేయాలని వైట్‌హౌస్ శాస్త్ర విధాన కార్యాలయం ఆదేశించింది. చాలామంది ఈ ఆదేశాన్నే మలుపుగా చెబుతారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది అందరూ నింపవలసిన ఉమ్మడి స్ప్రెడ్‌షీట్. ఏ గడిలో ఏ యూనిట్లలో ఏమి రాయాలో తేలకపోతే ఆదేశాలు అమలయ్యే దారి లేదు. ఎండలో, మంచులో ఏళ్ల తరబడి పెట్టెల చుట్టూ తిరిగిన శాస్త్రవేత్తకు, తన వ్యాసం రాకముందే అంకెలు ఇచ్చేయడంలో ఉండే వెనుకాడింపు కూడా అర్థం చేసుకోదగినదే. డేటాసెట్‌కు వ్యాసంలాగే ఉదహరించదగిన గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి అందుకే అవసరమైంది. ఆ డేటా తరువాత జాతీయ వ్యవసాయ గ్రంథాలయం నడిపే నిల్వలోకి చేరింది.

పరిశోధన కేంద్రం గట్టు దాటి రైతు పొలంలోకి వెళితే చిక్కు మారుతుంది. ప్రభుత్వ పథకాల్లో చేరేందుకు రైతులు తమ సాగు గురించి ఇచ్చిన సమాచారాన్ని, ఆ భూముల స్థాన వివరాలను వ్యవసాయ శాఖ బయటపెట్టకుండా 2008 ఫార్మ్ బిల్లు (అమెరికా వ్యవసాయ చట్టం)లోని 1619వ సెక్షన్ నిషేధిస్తుంది. ఎవరి పొలమో తెలియకుండా కలిపిన మొత్తాలను మాత్రం ఇవ్వవచ్చు. కానీ దేశ ఉద్గారాల లెక్కలో వాడే డేసెంట్ వంటి, నేల నుంచి వెలువడే వాయువులను అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లకు కావలసింది ఏ మడిలో ఏ నేల, ఏ వాతావరణం, ఏ ఏడు ఏ పంట అన్న వివరమే.