వేపనూనె కొట్టినా పురుగు పోవట్లేదా? మిద్దెతోట అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం వైపు మిద్దెతోటలు, బాల్కనీ తోటలు చూసుకోవడం నా పని. పిలిచేవాళ్లలో మనవాళ్లు చాలామంది. గోంగూర, దొండపాదు, కరివేపాకు లేని ఇల్లు దాదాపు కనిపించదు. ఘాటు రసాయన మందులు వద్దనే విషయంలో అందరూ గట్టిగానే ఉంటారు. చిక్కేమిటంటే మందు మారింది కానీ అలవాటు మారలేదు. ఆకు కాస్త ముడుచుకోగానే, అది ఏ పురుగో చూడకుండానే చేతికందిన సీసా తీసి కొట్టేస్తారు. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వేపనూనె కొడితే తెల్లారేసరికి పురుగులన్నీ చావాలి.

వేపలో ఉండే అజాడిరాక్టిన్ పురుగును అక్కడికక్కడ పడగొట్టే మందు కాదు. పురుగుకు ఆకు తినబుద్ధి కాకుండా చేస్తుంది, పిల్ల పురుగు కుబుసం విడిచి పెద్దదవకుండా అడ్డుపడుతుంది. కాబట్టి ఫలితం తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది. సాయంత్రం కొట్టి పొద్దున్నే "ఇంకా తిరుగుతున్నాయండీ" అని ఫొటో పంపిస్తే నేను చెప్పగలిగేది ఒక్కటే, ఆగండి అని. వారానికోసారి, రెండు మూడు విడతలు కొట్టాలి.

మందు కంటే కలిపే తీరులోనే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. నూనె నీళ్లలో కలవదు. నేరుగా నీళ్లలో పోసి ఊపితే పైన తెట్టులా తేలుతుంది. అప్పుడు కొన్ని ఆకుల మీద ఉత్త నీళ్లు, కొన్నింటి మీద ఉత్త నూనె పడతాయి. నూనె పడినవి మాడిపోతాయి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె చాలు. ముందు ఆ నూనెలో ఒకటి రెండు మి.లీ. సబ్బు ద్రావణం లేదా చిక్కటి కుంకుడు రసం వేసి తెల్లగా అయ్యేదాకా కలిపి, తర్వాత గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. కలిపింది ఆ పూటే వాడేయాలి. అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది కాబట్టి పొద్దువాలాకే కొట్టాలి. ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు చూసి, ఏమీ కాకపోతే మొక్కంతా తడపండి.

ఇంకో సంగతి బెంగళూరు వాళ్లకే. మీ అపార్ట్‌మెంటుకు వచ్చేది కావేరి నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకర్ నీళ్లా? బోరు నీళ్లలో, వాటినే తెచ్చే ట్యాంకర్లలో కాల్షియం ఎక్కువ. అందులో సబ్బు విరిగి ముక్కలు కడుతుంది, నూనెను పట్టి ఉంచే పని చేయదు. మందుకు మాత్రం వాన నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడండి.

అపోహ: గిన్నెలు తోమే లిక్విడ్ అయినా, బట్టల సర్ఫ్ అయినా సబ్బు సబ్బే.

కాదు. పురుగుల మీద పనిచేసేది కొవ్వు ఆమ్లాల పొటాషియం సబ్బు. సర్ఫ్, డిష్‌వాష్ డిటర్జెంట్లు. జిడ్డు వదిలించడానికే తయారైనవి కాబట్టి ఆకు మీది మైనపు పొరను కూడా వదిలించేస్తాయి. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వేపసబ్బు, కానుగ సబ్బు తయారుచేసింది. వాటిని కవరు మీద రాసిన మోతాదులో వాడితే పని అవుతుంది. ఏ సబ్బయినా తడిగా ఉండి పురుగును తాకినప్పుడే చంపుతుంది, ఆరిపోతే ఇక లేనట్టే. పేనుబంక, తెల్లదోమ పిల్లలు ఉండేది ఆకు అడుగున. పైనుంచి కొట్టి వదిలేస్తే దండగ.

అపోహ: తెల్లగా దూదిలా కనిపించేదంతా పిండినల్లి, నలిపేయాల్సిందే.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ మనం మన పక్షాన ఉన్నవాళ్లనే చంపుకుంటున్నాం.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో నెల్లూరావిడ ఒకరు మందారం కొమ్మ నా ముందు పెట్టి, "తమ్ముడూ, ఈ పిండినల్లి చూడు, ఎంతెంత లావున్నాయో" అన్నారు. కొమ్మ కణుపు దగ్గర చిన్న చిన్న తెల్ల ఉండలు గుంపుగా అతుక్కుని ఉన్నాయి. అవి పిండినల్లే. వాటి మధ్యలో మూడు పురుగులు మాత్రం రెండు మూడింతలు పెద్దగా, ఒంటి నిండా పొడుగాటి తెల్ల పోగులతో ఉన్నాయి. టూత్‌పిక్‌తో తాకితే పిండినల్లి కదిలీ కదలనట్టు ఉండిపోయింది. ఆ పెద్దది చకచకా పాకిపోయింది. "అక్కా, అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల" అంటే ఆవిడ నమ్మలేదు. తలా వెనక భాగం నారింజ రంగులో, మిగతాదంతా నల్లగా ఉన్న పెద్ద పురుగు అదే కుండీలో కనిపించాక నమ్మారు.

దాని పేరు క్రిప్టోలీమస్. కాఫీ తోటల్లో పొలుసు పురుగును అదుపు చేయడానికి 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. పిండినల్లిని బాగా తింటుంది. పిల్ల దశలో అచ్చం పిండినల్లిలాగే కనిపించడం దాని ఖర్మ.

మన ఊళ్లోనే ఇంకో పెద్ద ఉదాహరణ ఉంది. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి బొప్పాయి, మల్బరీ తోటలను ఊడ్చేసింది. దాన్ని అదుపులోకి తెచ్చింది ఏ మందూ కాదు. మన బెంగళూరు హెబ్బాళలో ఉన్న, ఇప్పుడు ఎన్‌బీఏఐఆర్ అని పిలిచే కేంద్ర ప్రభుత్వ పురుగుల పరిశోధన సంస్థ 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి, పెంచి, వదిలిన కంటికి సరిగ్గా ఆనని ఒక పరాన్నజీవి కందిరీగ.

పిండినల్లి పదే పదే వస్తుంటే చీమలను చూడండి. పిండినల్లి, పేనుబంక విసర్జించే తీపి బంక కోసం చీమలు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను తరిమేస్తాయి. కుండీ స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి. ఆకులు గోడకు, గ్రిల్‌కు తగలకుండా చూడండి. చీమల దారి తెగితే సగం పని అయినట్టే. ఆకుల మీద నల్లటి మసి కనిపించినా అది వేరే జబ్బు కాదు, ఆ బంక మీద పెరిగిన బూజు.

అపోహ: మొక్క బలంగా ఉంటే పురుగు రాదు, కాబట్టి వారం వారం వేరుశనగ చెక్క నీళ్లు పోయాలి.

చెక్కలో ఉండేది నత్రజని. అది ఎక్కువైతే లేత చిగుళ్లు పుట్టుకొస్తాయి, పేనుబంకకు కావలసింది అవే. ఎరువు సేంద్రియమైనా లెక్క అదే.

అపోహ: సహజమైంది కాబట్టి పొగాకు కషాయం మనకేమీ చేయదు.

నాకు కోపం తెప్పించే మాట ఇదొక్కటే. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్లే విషం. నికోటిన్ సల్ఫేట్ వాడకాన్ని మన దేశంలోనే నిషేధించారు. దాన్నే వంటింట్లో, పిల్లల ముందు మరగబెట్టడం ఏమిటి? పైగా పొగాకులో మొజాయిక్ వైరస్ ఉంటే టమాటా, మిరప మొక్కలకు మనమే అంటించినట్టు.

అపోహ: మిరప ముడతకు పుల్లమజ్జిగ ఒక్కటే మందు.

ముందు ముడత ఎటు ఉందో చూడండి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుని తొడిమ సాగితే నల్లి (మైట్; ఇది పిండినల్లి కాదు). మన గుంటూరు రైతులు పై ముడత, కింది ముడత అనేది దీన్నే. చిగురు కింద తెల్లకాగితం పట్టి తట్టండి. సన్నటి గీతల్లాంటివి పరిగెత్తితే తామర పురుగులు. వాటికి నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనె. నల్లి అయితే నీళ్లలో కరిగే గంధకం, లీటరుకు 2–3 గ్రాములు. సేంద్రియ సాగులోనూ దాన్ని అనుమతిస్తారు. ఏప్రిల్ ఎండలో మాత్రం కొట్టకండి, వేపనూనె కొట్టాక రెండు వారాల దాకా కూడా వద్దు, ఆకులు మాడతాయి.

అపోహ: పక్కన బంతి మొక్క పెడితే చాలు.

బంతి వేర్లు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి. పొలంలో టమాటా మధ్య వేస్తే కాయతొలుచు పురుగును తనవైపు లాగుతుంది. వేరే కుండీలో ఉన్న బంతి మీ వంకాయ మొక్క వేర్లకు ఏం చేస్తుంది? అందం కోసం పెట్టుకోండి.

అపోహ: నత్తలకు ఉప్పే మందు.

నత్త చస్తుంది, కుండీ మట్టి కూడా పాడవుతుంది. వానాకాలంలో బొప్పాయి తొక్కలో, క్యాబేజీ ఆకులో రాత్రి నేల మీద పెట్టి, పొద్దున్నే వాటి కింద చేరినవాటిని గ్లవ్స్ వేసుకుని ఏరేయండి. ఒట్టి చేతులతో ముట్టుకోకండి, వాటిలో మనుషులకు సోకే పరాన్నజీవులు ఉండొచ్చు.

అపోహ: బెండ ఆకు పసుపు పచ్చగా మారింది, ఏదో ఒకటి కొడితే తేరుకుంటుంది.

ఆకు ఈనెలు పసుపుగా మారి వలలా కనిపిస్తే అది తెల్లదోమ మోసుకొచ్చిన పల్లాకు వైరస్. దానికి ఏ మందూ లేదు, రసాయన మందు కూడా లేదు. ముందు సబ్బు నీళ్లతో తెల్లదోమను తడిపి, ఆ తర్వాత మొక్కను పీకేయండి. లేకపోతే దోమలన్నీ లేచి పక్క కుండీకి వెళతాయి. మళ్లీ విత్తేటప్పుడు అర్క అనామిక లాంటి తట్టుకునే రకం చూసుకోండి. దానికి కూడా అక్కడక్కడా తెగులు వస్తోంది కాబట్టి మొలకల దశ నుంచే పసుపు అట్ట ఒకటి వేలాడదీసి, దాని మీద తెల్లదోమలు ఎప్పుడు మొదలయ్యాయో చూస్తుండండి.