సంక్రాంతికి శ్రీనగర్ వెళ్తున్నారా? స్కేలు పట్టుకెళ్లండి

పిల్లలూ,

స్వెటర్లు ఎలాగూ అమ్మ సర్దుతుంది. మీరు మాత్రం 30 సెంటీమీటర్ల స్కేలు, కాస్త బంకమన్ను పెట్టుకోండి.

బయల్దేరే ముందు హైదరాబాద్‌లో డాబా మీద మట్టిముద్దలో స్కేలు నిటారుగా గుచ్చండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే వంకర తెలుస్తుంది. రెండు డిగ్రీలు ఒరిగినా నీడ కొస సెంటీమీటరు జరుగుతుంది. గడియారంలో పన్నెండు కొట్టగానే కొలిస్తే తప్పు. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యుడు అన్నిటికంటే పైకి వచ్చేది 12:25 ప్రాంతంలో, శ్రీనగర్‌లో 12:40కి. పావుగంట ముందే మొదలుపెట్టి ఐదేసి నిమిషాలకో చుక్క పెట్టండి. అన్నిటికంటే పొట్టి నీడే లెక్క.

మట్టి పైన 30 సెంటీమీటర్లు ఉంటే ఇక్కడ నీడ 24 వస్తుంది, అక్కడ 43 దాటుతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద, శ్రీనగర్ 34 మీద ఉన్నాయి కదా, అక్కడ ఎండ ఏటవాలుగా పడుతుంది. ఒకే గరిటె పిండిని పెనమంతా పరిస్తే అట్టు పలచనవుతుంది చూడండి, అక్కడి ఎండ కూడా అంతే.

రెండు ఊళ్లకూ జనవరిలో సగటున 20 డిగ్రీల తేడా. అంతా అక్షాంశం మీద తోసేయకండి. శ్రీనగర్ మనకంటే సుమారు కిలోమీటరు ఎత్తులో ఉంది. ఆరు డిగ్రీలు ఆ ఎత్తు ఖాతాలోవే.

పగలు ఇక్కడ 11 గంటల పైన, అక్కడ పదికి కాస్త ఎక్కువ. శ్రీనగర్‌లో పొద్దు ఏడున్నర దాటాక గానీ పొడవదు, 5:45 లోపే కుంకుతుంది. పైగా చుట్టూ కొండలు. అందుకే తిరుగుళ్లన్నీ పదికీ నాలుగుకీ మధ్య పెట్టుకోండి. డిసెంబరు 21తో అతి చిన్న పగలు అయిపోయింది కదా అని చలి తగ్గదు. వచ్చే వేడి కంటే పోయే వేడి ఇంకా ఎక్కువ. ఆ రోజు నుంచి 40 రోజులను అక్కడివాళ్లు చిల్లై కలాన్ అంటారు, మీరు దిగేది సరిగ్గా అందులోనే. మంచు, పొగమంచు వల్ల విమానాలు ఆగిపోతుంటాయి. తిరుగు ప్రయాణానికీ బడి తెరవడానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచమని నాన్నకు చెప్పండి.

స్కేలు పారేయకండి. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12:12కి హైదరాబాద్‌లో దాని నీడ పూర్తిగా మాయమవుతుంది, ఆగస్టు మొదట్లో మరోసారి. కర్కట రేఖకు పైనున్న శ్రీనగర్‌లో ఆ వింత ఏనాడూ కనబడదు.

మీ తాతయ్య