పిల్లి కడుపులో నీరు చేరితే ఇక ఆశ లేనట్టేనా? ఎఫ్ఐపీ మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో పశువుల డాక్టరు అంటే ఆవుకు ఈత కష్టమైతేనో, మేకలు మేత మానేస్తేనో కబురు పెట్టే మనిషి. ఇప్పుడు నా బల్ల మీదికి పిల్లులూ బాగానే వస్తున్నాయి. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో పెర్షియన్ పిల్లను కొని, బస్సులోనో రైల్లోనో ఇంటికి తెచ్చుకుంటున్నారు. గుణుపురం, కాశీనగర్ నుంచి వస్తారు, రాష్ట్రం దాటి పాతపట్నం నుంచీ వస్తారు. వచ్చేటప్పటికే చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. "ఇంక ఇది బతకదు కదా బాబూ" అని. ఆ మాట ఎక్కువగా వినేది ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్, అంటే ఎఫ్ఐపీ అనే వైరస్ జబ్బు వచ్చిన పిల్లుల విషయంలో. అది కూడా జబ్బు బాగా ముదిరాక. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కడుపు ఉబ్బిందంటే నులిపురుగులు, లేకపోతే చూలు.

ఒక పెద్దావిడ తన పిల్లిని ఒళ్లో పెట్టుకుని, కడుపుతో ఉందని ఇంట్లో అందరూ పాలు, చేపలు పెట్టి మేపుతున్నామని చెప్పింది. తీరా చూస్తే అది మగది. నవ్వు వచ్చినా, ఆ కడుపు చూశాక నవ్వు నిలవలేదు. పొట్ట పెద్దదైంది, వెన్నెముక మాత్రం చేతికి గుచ్చుకుంటోంది. నేను ముందు చూసేది ఇదే. లావెక్కిన పిల్లికి వెన్ను మీద కూడా కండ ఉంటుంది. నీరు పట్టిన పిల్లికి కండ కరిగిపోతుంది. నులిపురుగుల మందు ఒక డోసు వేసి వారం చూద్దాం అనుకునే లోపు ఆ వారం చేజారిపోతుంది.

మిగతా గుర్తులు ఇవి. యాంటీబయాటిక్ వేసినా లొంగకుండా ఎక్కుతూ దిగుతూ ఉండే జ్వరం, తిండి మీద విరక్తి, పాలిపోయిన చిగుళ్లు. చెవి లోపలి చర్మం, కళ్ల తెల్లభాగం పసుపు రంగుకు తిరగడం. నీరు ఛాతీలో చేరితే పిల్లి నోరు తెరిచి, పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తుంది. అలాంటప్పుడు రేపు చూద్దాం అనకూడదు. జబ్బు ఎక్కువగా రెండేళ్ల లోపు పిల్లుల్లో కనిపిస్తుంది, పెద్దవాటికీ రావచ్చు.

నీరు చేరని రకం కూడా ఉంది, దాన్ని పట్టుకోవడమే కష్టం. ఒక కంటి రంగు మారుతుంది, కంట్లో మసక కమ్ముతుంది. లేదా వెనక కాళ్లు తడబడతాయి, తల ఒక పక్కకు వాలుతుంది, ఫిట్స్ వస్తాయి. గోడ మీంచి పడి దెబ్బ తగిలిందేమో అనుకుని నూనె మర్దనా చేసి తెచ్చినవాళ్లు ఉన్నారు.

అపోహ: ఇది కరోనా. మనకూ అంటుకుంటుంది.

అంటుకోదు. పిల్లుల్లో ఉండే కరోనా వైరస్ వేరు, కోవిడ్ వైరస్ వేరు. పిల్లుల వైరస్ పేగుల్లో ఉంటుంది. గుంపుగా పెరిగే పిల్లుల్లో చాలావాటికి ఎప్పుడో ఒకసారి సోకుతుంది, కాస్త విరేచనాలై పోతుంది. కొన్నింటిలో మాత్రం, సుమారుగా నూటికి ఐదు నుంచి పదింటిలో, ఆ పిల్లి ఒంట్లోనే వైరస్ మారిపోయి రక్తంలోని తెల్లకణాల్లో పెరగడం నేర్చుకుంటుంది. అక్కడి నుంచి ఒళ్లంతా పాకి రక్తనాళాలను వాచేలా చేస్తుంది. ఎఫ్ఐపీ అంటే ఇదే. కొత్త ఇల్లు, దూరప్రయాణం, కుట్లు పడే ఆపరేషన్, ఇంట్లోకి వచ్చిన ఇంకో పిల్లి, ఇలాంటి టెన్షన్ తర్వాత జబ్బు బయటపడడం మామూలే. కరోనా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చిందని ఎఫ్ఐపీ అని రాసేయడం తప్పు. పిల్లికి ఎప్పుడో వైరస్ తగిలిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు.

అపోహ: మన ఊళ్లో టెస్టులు లేవు. వైజాగ్ వెళ్తే తప్ప తేలదు.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సరిహద్దు ఊళ్లలో పిల్లులు చచ్చిపోతున్నది ఎక్కువగా ఈ ఆలోచన వల్లేనని నా నమ్మకం. సగం పైగా నిర్ధారణ ఇక్కడే చేయొచ్చు.

కడుపులో నీరుంటే సన్న సూదితో కొంచెం తీసి చూడాలి. ఎఫ్ఐపీ నీరు లేత పసుపు నుంచి ముదురు పసుపు రంగులో, చూడ్డానికి స్వచ్ఛంగా ఉంటుంది. గ్లౌజు వేసుకున్న వేళ్ల మధ్య లాగితే తీగలా సాగుతుంది. చీములా చిక్కగా, వాసనతో ఉంటే అది బాక్టీరియా వ్యవహారం, దారి వేరు.

తర్వాత రివాల్టా పరీక్ష. టెస్ట్ ట్యూబులో ఏడెనిమిది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, గాఢమైన అసిటిక్ ఆమ్లం ఒక చుక్క కలుపుతాను. తెల్ల వెనిగర్ అయితే మూడు చుక్కలు. పైనుంచి పిల్లి నీరు ఒక చుక్క మెల్లగా జార్చి, ట్యూబును వెలుతురుకు ఎత్తి చూస్తాను. చుక్క నీళ్లలో కరిగి మాయమైతే నెగెటివ్, ఎఫ్ఐపీకి అవకాశం బాగా తక్కువ. చుక్క చుక్కలాగే నిలిచి పైన తేలుతూనో, నెమ్మదిగా అడుక్కు దిగుతూనో ఉంటే పాజిటివ్. బాక్టీరియా వల్ల కడుపు లోపలి పొర వాచే పెరిటోనైటిస్‌లోనూ, కొన్ని క్యాన్సర్లలోనూ పాజిటివ్ రావచ్చు కాబట్టి దీని ఒక్కదాన్నే నమ్మను.

అదే నీటిని, కొంచెం రక్తాన్ని బజారులో మనుషులకు చేసే ల్యాబుకు పంపి, టోటల్ ప్రొటీన్, అల్బుమిన్ రెండే అడుగుతాను. ల్యాబు అబ్బాయి మొదట్లో పిల్లి రక్తమా అని మొహం చిట్లించేవాడు, ఇప్పుడు అలవాటైంది. టోటల్ నుంచి అల్బుమిన్ తీసేస్తే గ్లోబ్యులిన్ అనే ఇంకో రకం ప్రొటీన్ లెక్క వస్తుంది. అల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగించినప్పుడు 0.4 కంటే తక్కువైతే అనుమానం చాలా బలంగా ఉన్నట్టు. 0.8 దాటితే ఎఫ్ఐపీ కాదనే అనుకోవచ్చు. నీటిలో ప్రొటీన్ డెసిలీటరుకు 3.5 గ్రాములు దాటడం కూడా ఒక ఆధారం. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తే మందు మొదలుపెట్టి, ఆ నీటి నమూనాను వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్షకు పెద్ద ల్యాబుకు పంపుతాను. రిపోర్టు వచ్చేదాకా మందు ఆపి కూర్చోను.

అపోహ: దీనికి మందు లేదు.

కొన్నేళ్ల క్రితం వరకు ఇది నిజమే. 1963లో బోస్టన్‌లో ఈ జబ్బును మొదటిసారి వర్ణించినప్పటి నుంచి దాదాపు యాభై ఏళ్లకు పైగా ఎఫ్ఐపీ అంటే చావే. 2019లో అమెరికాలోని యూసీ డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును, సహజంగా జబ్బు వచ్చిన 31 పిల్లుల మీద వాడి ఫలితాలు ప్రచురించింది. 26 పిల్లులు పన్నెండు వారాల కోర్సు పూర్తి చేశాయి. చనిపోయినవాటిలో ఎక్కువ భాగం అప్పటికే చాలా ముదిరి ఉండి, మొదటి కొద్దిరోజుల్లోనే పోయాయి.

కోవిడ్ సమయంలో అందరం విన్న రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక జీఎస్-441524గానే మారుతుంది. కోవిడ్‌కే వచ్చిన మోల్నుపిరావిర్ కూడా పనిచేస్తుంది. జీఎస్ మందును ఇంటర్నెట్లో తెలియనివాళ్ల దగ్గర కొనేటప్పుడు జాగ్రత్త, సీసా మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన లేని సరుకు దొరుకుతుంది. మోల్నుపిరావిర్ క్యాప్సూల్ విప్పి పొడిని తూచేటప్పుడు గ్లౌజులు, మాస్కు ఉండాలి. గర్భిణులు ఆ పొడిని ముట్టుకోకూడదు. ఇంట్లో కొత్త కోడలు మందు కలుపుతోందంటే నేను ముందు అడిగేది ఈ ప్రశ్నే.

అపోహ: ఇంత ముదిరాక మందు దండగ.

నీరసంగా పడి ఉన్న పిల్లి, కామెర్లు, కడుపు నిండా నీరు. ఇవన్నీ ఉన్నా తేరుకున్న పిల్లులు ఉన్నాయి. నిజంగా భయపెట్టేది ఒళ్లు చల్లబడడం, లేవలేకపోవడం, చిగుళ్లు కాగితంలా తెల్లబడడం. అలాంటి పిల్లికి మొదటి మూడు రోజులే కీలకం. తినలేనిదానికి నోటి మందు పెట్టుకుని కూర్చోకుండా ఇంజెక్షన్‌తో మొదలుపెట్టాలి. ముందు ఒళ్లు వెచ్చబెట్టాలి, సెలైన్ కొద్దికొద్దిగా ఇవ్వాలి. రక్తం మరీ తగ్గిపోతే ఇంకో పిల్లి రక్తం గ్రూపు చూసి ఎక్కించాలి, దానికి పెద్ద ఆస్పత్రికి పంపాల్సిందే. అక్కడికి కూడా మొదటి డోసు పడ్డాకే పంపుతాను.

కడుపులో నీరంతా లాగేయమని అడుగుతారు. ఛాతీలో నీరుంటే వెంటనే తీయాలి, ఊపిరి ఆడాలి కదా. కడుపులో నీటిని మాత్రం ఊపిరికి అడ్డు పడుతుంటే తప్ప తీయను. తీసిన కొద్దీ ప్రొటీన్ పోతుంది, మళ్లీ ఊరుతుంది. మందు పట్టిందంటే ఒకటి రెండు వారాల్లో నీరు దానంతటదే ఇంకుతుంది. అంతకంటే ముందే, రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి, పిల్లి గిన్నె దగ్గరికి నడిచి వెళ్తుంది. ఐదారు రోజులైనా ఏ మార్పూ లేకపోతే మోతాదు, మందు, నిర్ధారణ మూడింటినీ మళ్లీ చూడాలి. కంటికి, మెదడుకు పాకితే మామూలు మోతాదు చాలదు.

అపోహ: జ్వరమే కదా, పిల్లలకు వేసే పారాసిటమాల్ చుక్కలు వేస్తే దిగుతుంది.

చస్తుంది. పిల్లి కాలేయం పారాసిటమాల్‌ను విరగ్గొట్టలేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. ఎఫ్ఐపీ నుంచి తేరుకునే పిల్లి కూడా దీనితో పోతుంది. పొరపాటున వేసి ఉంటే దాచకుండా చెప్పండి, దీనికి విరుగుడుగా వాడే ఎసిటైల్‌సిస్టీన్ మనుషుల మెడికల్ షాపుల్లోనే దొరుకుతుంది. తిడతాననే భయంతో దాచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

స్టెరాయిడ్ సంగతి ఒక్కమాట. రెండు రోజులు పిల్లి హుషారుగా కనిపిస్తుంది, జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. కన్ను, మెదడు వాచినప్పుడు కొద్దిరోజులు అవసరం పడొచ్చు, అంతే.

అపోహ: బాగా తింటోంది, ఇక మందు ఆపేయొచ్చు.

ముదిరిన కేసులు గట్టెక్కాక మళ్లీ నా దగ్గరికి రావడానికి ముఖ్య కారణం ఇదే. మామూలు కోర్సు 84 రోజులు. నీరు చేరిన రకానికి 42 రోజులు సరిపోవచ్చని 2024లో 40 పిల్లుల మీద చేసిన ఒక పరిశోధన తేల్చింది. అయితే అది తరచూ పరీక్షలు చేయగల చోట. మన ఊళ్లో నేను 84 రోజులే చెప్తాను. ఇంకో మాట, కోలుకునే పిల్లి వారం వారం బరువు పెరుగుతుంది, రెండు కిలోలది మూడు కిలోలు అవుతుంది. మోతాదు మాత్రం మొదటి రోజుదే నడిస్తే అది ఇక తక్కువ మోతాదే. కిరాణా షాపు కాటా అయినా ఫర్వాలేదు, వారానికి ఒకసారి తూచి నాకు ఫోన్ చేయండి. మందు ఆపాక కూడా పన్నెండు వారాల పాటు తిండి, జ్వరం, బరువు గమనించాలి. అల్బుమిన్, గ్లోబ్యులిన్ మళ్లీ చూడాలి.

అపోహ: ఇంట్లో మిగతా పిల్లులన్నీ పోతాయి.

మామూలుగా ఎఫ్ఐపీ ఒక పిల్లి నుంచి ఇంకోదానికి అంటదు, పేగుల్లోని మామూలు వైరస్ మాత్రమే మలం ద్వారా అంటుతుంది. 2023లో సైప్రస్‌లో కుక్కల కరోనా వైరస్ భాగం కలిసిన కొత్త రకం పిల్లి నుంచి పిల్లికి నేరుగా పాకి పెద్ద గొడవ చేసింది, అది వేరే కథ. పిల్లులకు వేసే మామూలు మూడు జబ్బుల వాక్సిన్ దీన్ని ఆపదు, అయినా ఆ మూడింటి కోసం వేయించాల్సిందే. పిల్లులకంటే ఒక మలం ట్రే ఎక్కువ పెట్టండి, తిండి గిన్నెకు దూరంగా ఉంచండి, రోజూ శుభ్రం చేసి బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి. బ్లీచింగ్ వాసన పోయాకే పిల్లిని దగ్గరకు రానివ్వండి. ఎఫ్ఐపీతో పిల్లి పోయిన ఇంట్లో వైరస్ ఎండిన మలంలో కొన్ని వారాలు బతికి ఉంటుంది కాబట్టి, కొత్త పిల్లను తేవాలనుకుంటే కనీసం రెండు నెలలు ఆగండి.