ఐస్ ఫిషింగ్‌కు సెకండ్ హ్యాండ్ స్నోమొబైల్: అపోహలు - వాస్తవాలు

గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పట్టేవాళ్ల స్నోమొబైళ్లు (ముందు స్కీలు, వెనక తిరిగే రబ్బరు పట్టా, అంటే ట్రాక్, ఉండి మంచు మీద నడిచే బండ్లు) రిపేరు చేయడం నా పని. కొనేముందు బండి చూపించేవాళ్లు తక్కువ, కొన్నాక తీసుకొచ్చేవాళ్లు ఎక్కువ. ఎలా ఎంచుకున్నారని అడిగితే దాదాపు అందరూ మూడే చెబుతారు: ఎంత తిరిగింది, ఎంత స్పీడు పోతుంది, చూడ్డానికి ఎలా ఉంది. చేపల వేటకు ఈ మూడూ పెద్దగా పనికిరావు. ఆగర్ (ఐస్‌కు రంధ్రం చేసే బరమా), గుడారం, హీటర్ వేసిన స్లెడ్‌ను, అంటే వెనక కట్టే జారుడు బండిని, నెమ్మదిగా లాగాలి. పైన మంచు లేని నున్నటి ఐస్ మీద కూడా వేడెక్కకుండా నడవాలి. గంటల తరబడి చలిలో నిలబెట్టాక, చీకట్లో, పక్కన ఎవరూ లేనప్పుడు మళ్లీ స్టార్ట్ అవ్వాలి. ఏ పాత బండినైనా నేను ఈ మూడు పనులు పెట్టుకునే చూస్తాను.

అపోహ: తక్కువ తిరిగిన బండి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు

పదిహేనేళ్లలో కొద్దిగా మాత్రమే తిరిగిన బండి అంటే, ఆ పదిహేనేళ్లలో ఎక్కువ భాగం ఏ షెడ్డులోనో ఊరికే నిలబడిన బండి. నిలబడటమే టూ స్ట్రోక్ ఇంజిన్‌ను ఎక్కువగా పాడుచేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాల్లోని తేమను లాక్కుంటుంది. అది ట్యాంకులోనూ కార్బురేటర్‌లోనూ ఏళ్ల తరబడి ఉండిపోతే జిగురుగా మారి, పెట్రోలు కొలిచి వదిలే పైలట్ జెట్ సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. జెట్ మూసుకుంటే పెట్రోలు తగ్గి గాలి ఎక్కువవుతుంది, పిస్టన్ వేడెక్కి కాలిపోతుంది. క్రాంక్ సీళ్లు ఎండి గట్టిపడతాయి. లోపల తేమ చేరితే క్రాంక్ బేరింగులకు తుప్పు పడుతుంది.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. ఎయిర్ బాక్స్‌లో, ఇంజిన్ చుట్టూ ఉండే ఫ్యాన్ తొడుగులో అవి గూడు కట్టుకుంటాయి. ఫ్యాన్ గాలితో చల్లబడే ఇంజిన్‌లో ఆ గూడు సిలిండర్‌కు గాలి తగలనివ్వదు. బయటికి ఏమీ కనిపించదు. కొన్న వారంలోనే ఇంజిన్ సీజ్ అయి వచ్చే బండ్లలో ఇలాంటివి ఉంటాయి. అందుకే ఏళ్ల తరబడి నిలబడిన బండిని ఆ తొడుగు విప్పి చూడకుండా స్టార్ట్ చేయనివ్వకండి. ఏటా నడిచి, ఏటా సర్వీసు అయిన బండి రెట్టింపు తిరిగి ఉన్నా నేను దానికే ఓటు వేస్తాను.

అపోహ: లిక్విడ్ కూల్డ్ ఇంజిన్ కొత్త టెక్నాలజీ, కాబట్టి అదే మేలు

మంచు బాగా పడిన ట్రయల్ (స్నోమొబైళ్ల దారి) మీద ఈ మాట నిజమే. సరస్సు మీద చాలాసార్లు తిరగబడుతుంది. ఎందుకో వివరంగా చెబుతాను, కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

లిక్విడ్ కూల్డ్ బండిలో ఇంజిన్ వేడిని తీసుకున్న కూలెంట్, సీటు కింద ట్రాక్‌ను కప్పే రేకు తొడుగుకు (టన్నెల్) బిగించిన అల్యూమినియం హీట్ ఎక్స్ఛేంజర్ల గుండా పోతుంది. ట్రాక్ తిరుగుతూ ఎగజిమ్మే మంచు వాటికి తగిలి, కరిగి, ఆ వేడిని తీసుకుపోతుంది. అంటే ఆ బండికి మంచే రేడియేటర్. గాలికి మంచంతా కొట్టుకుపోయి గాజులా మిగిలిన ఐస్ మీద ట్రాక్ ఎగజిమ్మడానికి ఏముంటుంది? అందులోనూ స్లెడ్ లాగుతూ నెమ్మదిగా పోతుంటే టెంపరేచర్ లైటు వెలగడానికి ఎంతోసేపు పట్టదు.

ఫ్యాన్ కూల్డ్ ఇంజిన్‌కు ఈ సమస్య లేదు. క్రాంక్‌తో పాటు తిరిగే ఫ్యాన్ సిలిండర్ల మీదికి గాలి కొడుతూనే ఉంటుంది, మంచు ఉన్నా లేకున్నా. పంపు, గొట్టాలు, కూలెంట్ లేవు కాబట్టి బరువు తగ్గుతుంది, కారే చోట్లూ తగ్గుతాయి. స్కీ-డూ స్కాండిక్, టండ్రాల్లో వచ్చిన 550ఎఫ్ ఇంజిన్, యమహా వీకే 540, ఆర్కిటిక్ క్యాట్ బేర్‌క్యాట్ 570 ఇలాంటివే. చేపలు పట్టేవాళ్లు వీటిని త్వరగా అమ్ముకోరు, ఆ నమ్మకం ఊరికే రాలేదు. అయితే కొన్ని ఇంజిన్లలో ఫ్యాన్‌ను రబ్బరు బెల్టు తిప్పుతుంది. అది తెగితే ఇంజిన్ కొద్దిసేపట్లోనే పోతుంది, కొనేముందు దాని మీద పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ట్రాక్ లోపల ఉండే పొడవాటి లోహపు పట్టాల కింద హైఫాక్స్ అనే ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, ట్రాక్ వాటి మీద జారుతుంది. వాటికి తడి, చల్లదనం ఇచ్చేది కూడా మంచే. వట్టి ఐస్ మీద దూరం పోతే, ఇంజిన్ ఏ రకమైనా సరే, ఆ పట్టీలు కరిగి ట్రాక్ క్లిప్పులకు అంటుకుంటాయి. దీనికి ఐస్ స్క్రాచర్లు వేయించాలి. ఇవి ఐస్‌ను గీరుతూ సన్నటి పొడిని లేపి ట్రాక్ మీదికి, టన్నెల్‌లోకి కొడతాయి. మీకు దొరికిన మంచి బండి లిక్విడ్ కూల్డే అయితే వదిలేయక్కర్లేదు. స్క్రాచర్లు వేయండి, మంచు ఉన్న దారి వెతుక్కుంటూ పోండి. కొన్ని పనిబండ్లలో ముందుభాగంలో రేడియేటర్, ఫ్యాన్ విడిగా ఉంటాయి. అలాంటిదైతే ఇంకా నయం.

అపోహ: పెద్ద ఇంజిన్ ఉంటేనే స్లెడ్ లాగుతుంది

లాగేది ట్రాకూ గేరింగూ. మామూలు ట్రయల్ బండి ట్రాక్ వెడల్పు 15 అంగుళాలు. స్కాండిక్ డబ్ల్యూటీ, వీకే 540 లాంటివాటిది 20 అంగుళాలు, పొడవు కూడా ఎక్కువ. వాటికి లో గేర్ ఉంటుంది, బరువుతో మెల్లగా కదిలినా డ్రైవ్ బెల్టు (ఇంజిన్ శక్తిని ట్రాక్ వైపు చేర్చేది) జారి కాలదు. 800 సీసీ స్పోర్ట్స్ బండిని స్లెడ్‌కు కట్టి నడక వేగంతో నడిపితే క్లచ్ సగంలోనే జారుతూ ఉంటుంది, బెల్టు వాసన వస్తుంది.

వెడల్పు ట్రాక్ అసలు అవసరం స్లష్‌లో, అంటే నీళ్లు కలిసిన మంచు బురదలో తెలుస్తుంది. ఐస్ మీద మంచు బరువు పెరిగితే ఐస్ కిందికి వంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకి వస్తాయి. పైన మంచు కప్పే ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు. బండి అందులో దిగబడి, నీళ్లు ట్రాక్ చుట్టూ గడ్డకడితే ఒక్కరి వల్ల తీయడం మహా కష్టం. బరువు పరుచుకునే పొడవాటి ట్రాక్ దాన్ని దాటిస్తుంది. కానీ వెడల్పు ట్రాక్ పనిబండ్లు 250 కిలోలు దాటుతాయి, దిగబడితే ఎత్తడం అంతే కష్టం. ఒక్కరే వెళ్లేవాళ్లకు టండ్రా లాంటి సన్న, పొడవు ట్రాక్ ఉన్న తేలిక బండి మంచి మధ్యేమార్గం.

రివర్స్ లేని బండి చేపల వేటకు కొనకండి. వెనక కొక్కెం దగ్గర బంపర్ రివెట్లు సాగి ఉన్నాయా, టన్నెల్ రేకు చిరిగిందా చూడండి, ఎంత బరువు లాగించారో అదే చెబుతుంది. స్లెడ్‌ను తాడుతో కట్టకూడదు. బ్రేకు వేయగానే అది జారుకుంటూ వచ్చి మీ వెనక కొడుతుంది. గట్టి ఇనుప బార్ ఉండాలి.

అపోహ: ఫోర్ స్ట్రోక్ అయితే టెన్షన్ ఉండదు

పెట్రోలు తక్కువ తాగుతుంది, చప్పుడు తక్కువ, పొగ వాసన ఉండదు. ఇవన్నీ నిజం. కానీ బరువు ఎక్కువ, పైగా చాలావాటికి చేత్తో లాగి స్టార్ట్ చేసే తాడు ఉండదు. సరస్సు మధ్యలో బ్యాటరీ చచ్చిందంటే ఇక అంతే. కొంటే బ్యాటరీ కొత్తది వేయించి, చిన్న జంప్ ప్యాక్ కోటు లోపలి జేబులో పెట్టుకోండి. లోపలే ఎందుకంటే, చలికి అది కూడా చస్తుంది.

అపోహ: ఒక్క లాగుకు స్టార్ట్ అయితే ఇంజిన్ బాగున్నట్టే

మీరు వచ్చేముందు అమ్మేవాళ్లు ఒకసారి స్టార్ట్ చేసి వెచ్చగా పెట్టి ఉంటే ఏ ఇంజినైనా ఒక్క లాగుకే అందుకుంటుంది. వెళ్లగానే మొదట ఎగ్జాస్ట్ పైపును చేత్తో తాకండి. వెచ్చగా ఉంటే, చల్లారాక మళ్లీ వస్తానని చెప్పండి. "స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని ముందే ఫోన్‌లో అడగడం మర్యాదకేమీ భంగం కాదు.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల పిస్టన్ పుట్టించే ఒత్తిడి. గేజి ఖరీదైన వస్తువేమీ కాదు. రెండు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, సూది పెరగడం ఆగేదాకా తాడు లాగాలి. థ్రాటిల్ మూసి కొలిస్తే అంకె తప్పుగా తక్కువ వస్తుంది. ఫ్యాన్ కూల్డ్ ఇంజిన్లలో సాధారణంగా 120 పీఎస్ఐ అటూ ఇటూ ఉంటుంది. ఇంజిన్‌ను బట్టి, సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తులో ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. అంకె కంటే ముఖ్యం రెండు సిలిండర్ల మధ్య తేడా. అది పది శాతం దాటితే ఆ ఇంజిన్ విప్పాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు బూట్లు ఉంటాయి. వేలితో వంచి చూడండి. పగులు ఉంటే దొంగ గాలి లోపలికి పోయి పిస్టన్‌ను కాల్చేస్తుంది. థ్రాటిల్ లివర్ వదలగానే టక్కున వెనక్కి రావాలి, ఇందులో రాజీ లేదు. ఇంకొకటి, బండి కొండ ప్రాంతం నుంచి వచ్చిందా అని అడగండి. ఎత్తులో గాలి పలచన, అక్కడ కార్బురేటర్లకు చిన్న జెట్లు వేస్తారు. అదే బండిని పల్లపు ప్రాంతంలో, గట్టి చలిలో, చిక్కటి గాలిలో నడిపితే పెట్రోలు చాలక సీజ్ అవుతుంది. జెట్లు మార్చడం చిన్న పనే, కానీ మొదటిసారి బయటికి తీసేలోపే జరగాలి.

అపోహ: నీళ్లలో మునిగిన బండిని ఆరబెడితే సరిపోతుంది

సరస్సుల దగ్గర అమ్మకానికి వచ్చే బండ్లలో ఒకప్పుడు ఐస్ విరిగి మునిగినవి కూడా ఉంటాయి. అమ్మేవాళ్లు అన్నిసార్లూ చెప్పరు. కొందరికి అసలు తెలియదు, వాళ్ల చేతికి వచ్చేసరికే అది మూడో చేయి.

టూ స్ట్రోక్ క్రాంక్ బేరింగులకు నూనె అందేది పెట్రోలుతో పాటు వచ్చే కాస్త ఆయిల్ నుంచే. లోపలికి నీళ్లు పోయి వెంటనే శుభ్రం చేయకపోతే ఆ బేరింగులు తుప్పు పట్టి, తర్వాతెప్పుడో, బండి బాగానే నడుస్తోందని అందరూ అనుకుంటున్నప్పుడు విరుగుతాయి. ఆనవాళ్లు వెతకండి. ముందు రేకు అతుకుల్లో, ఎవరూ కడగని మూలల్లో సన్నటి ఒండ్రు. వైరు కనెక్టర్లు ఊడదీస్తే లోపల పచ్చటి చిలుము. చైన్‌కేస్ (ట్రాక్‌ను తిప్పే గొలుసు ఉండే పెట్టె) ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉండటం. స్టార్టర్ తాడు లోపలి స్ప్రింగు మీద తుప్పు. చైన్‌కేస్‌లోకి మామూలు తేమ చేరినా ఆయిల్ తెల్లబడుతుంది, కాబట్టి ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పకండి. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా నేను వద్దనే చెబుతాను.

అపోహ: పైకి మెరుస్తోంది కాబట్టి కింద కూడా బాగుంటుంది

హుడ్ (ఇంజిన్ పై మూత) మీద గీతల గురించి బేరం ఆడకండి. ట్రాక్ గురించి ఆడండి, ఎందుకంటే కొత్త ట్రాక్ ఖర్చు ఒక్కోసారి పాత బండి ధరలో సగానికి వస్తుంది. వెనక భాగం లేపి ట్రాక్‌ను చేత్తో తిప్పుతూ చిరిగిన రబ్బరు పళ్లు, ఊడిన క్లిప్పులు, బయటికి వచ్చిన దారాలు చూడండి. తిరిగేటప్పుడు గరగర వినిపిస్తే చక్రాల బేరింగులు. ట్రాక్‌కు స్టడ్లు (ఇనుప మేకులు) కొట్టి ఉంటే ఐస్ మీద పట్టు బాగుంటుంది, కానీ లిక్విడ్ కూల్డ్ బండిలో అవి హీట్ ఎక్స్ఛేంజర్లను గీరి ఉండొచ్చు, టార్చి వేసి చూడాలి. స్కీల కింద ఐస్‌ను పట్టే గట్టి లోహపు అంచులు (కార్బైడ్లు) అరిగితే ఐస్ మీద హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. ఇవి మాత్రం మార్చడం తేలిక.

అపోహ: తయారీ ఆపేసిన కంపెనీ బండికి పార్టులు దొరకవు

యమహా 2023లో స్నోమొబైళ్ల తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2025 మోడళ్లే చివరివి. దాంతో మంచి వీకే 540లను కూడా కొందరు పక్కన పెడుతున్నారు. ఇంత ఎక్కువగా అమ్ముడైన, ఏళ్ల తరబడి పెద్దగా మారని బండికి బెల్టులు, హైఫాక్స్, బేరింగులు వేరే కంపెనీలు కూడా చేస్తాయి. పార్టుల బెంగ పడాల్సింది తక్కువ కాలం వచ్చి ఆగిపోయిన మోడళ్ల గురించి.

అపోహ: వేగంగా పోతే పలచటి ఐస్ మీద కూడా దాటేయొచ్చు

ఈ మాట నమ్మినవాళ్లు చనిపోతున్నారు, అందుకే బండి ఎంపిక గురించి రాస్తూ కూడా దీన్ని వదలలేను. అమెరికాలో మిన్నెసోటా సహజ వనరుల శాఖ సూచన ప్రకారం, కొత్తగా కట్టిన స్పష్టమైన గట్టి ఐస్ నడిచే మనిషికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు ఉండాలి. తెల్లటి ఐస్‌కు బలం సగమే, దానికి మందం రెట్టింపు కావాలి. ఈ లెక్కలో మీ స్లెడ్ బరువు లేదు. బరువైన వెడల్పు ట్రాక్ బండి కొంటే, తేలిక బండి ఉన్న మీ స్నేహితుడు వెళ్లిన రోజే మీరూ వెళ్లగలరని అనుకోవద్దు. రాత్రిపూట లైటు పడే దూరంలో ఆగగలిగే వేగంలోనే నడపండి, ఐస్ మీద బ్రేకు వేశాక బండి చాలా దూరం జారుతుంది.

అపోహ: టూ స్ట్రోక్ ఆయిల్ ఏదైనా ఒకటే

పడవ ఇంజిన్ల కోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ చాలామంది చేపల వేటగాళ్ల షెడ్డులో ఉంటుంది, అదే పోసేస్తారు. అది సరస్సు నీళ్లతో చల్లబడుతూ నడిచే ఇంజిన్ల కోసం చేసింది. అంతకంటే వేడిగా నడిచే ఫ్యాన్ కూల్డ్ ఇంజిన్‌కు స్నోమొబైల్ ఆయిలే పోయాలి. పాత యజమాని ఆయిల్ పంపు తీసేసి పెట్రోలులోనే కలిపి నడిపారేమో తప్పకుండా అడగండి. ఆ సంగతి తెలియక వట్టి పెట్రోలు పోస్తే ఇంజిన్ ఆ ట్యాంకు అయిపోయేదాకా కూడా ఆగదు. బండి తెచ్చుకున్నాక చైన్‌కేస్ ఆయిల్ మార్చి, పాత పెట్రోలు పూర్తిగా తీసేయండి. కొత్త బెల్టు వేసి, పాతది బాగుంటే స్పేర్‌గా సీటు కింద పెట్టండి. దాంతో పాటు రెండు ప్లగ్గులు, వాటిని విప్పే పానా కూడా ఉంచండి.